చొక్కాలో ఇంటికొచ్చిన దుమ్ము

మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. వర్షాలు లేక సేద్యం దెబ్బతిన్నాక, 1966లో, ఇరవై ఏళ్ల వయసులో పొట్ట చేతపట్టుకొని ఉత్తరాదికి వెళ్లి ఒక ఉక్కు కర్మాగారంలో చేరారు. 2004లో రిటైరై మళ్లీ ఊరికి వచ్చేశారు.

ఆయన పని కొలిమి దగ్గర. ఉక్కు కరగాలంటే సుమారు 1500 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి దగ్గర నిలబడే మనిషిని కాపాడటానికి ఆ రోజుల్లో వాడింది రాతినార, అంటే ఆస్బెస్టాస్. ఆవిరి గొట్టాలకు చుట్టింది అదే. కొలిమి తలుపుల సందుల్లో కూరే తాడు అదే. నాన్నగారి చేతి తొడుగులు కూడా దానితో నేసినవే. మరమ్మతు రోజుల్లో గొట్టాల మీది పాత పూత గీకి తీసేవారు. "పొగమంచులో ఉన్నట్టుండేదిరా, పక్కవాడు కనబడేవాడు కాదు" అని నాన్నగారు చెప్పేవారు. ముక్కుకు తువ్వాలు తప్ప మరేమీ లేదు.

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే మేము పరుగెత్తి మీద పడేవాళ్లం. అమ్మ ఆ చొక్కా తీసుకొని గుమ్మం దగ్గర గట్టిగా దులిపి, తర్వాత నీళ్లలో వేసేది.

నాన్నగారిది మంచి గొంతు. ఊరికి వచ్చాక మా సంఘంలో పాటలెత్తేది ఆయనే. 2005లో ఒక ఆదివారం చరణం మధ్యలో ఊపిరి అందక ఆగిపోయారు. తర్వాత పొలం గట్టు ఎక్కినా ఆయాసం, ఎండు దగ్గు. దగ్గరలోని ఆసుపత్రిలో క్షయ అన్నారు. కళ్లెలో క్షయ క్రిములు కనబడకపోయినా తొమ్మిది నెలలు మాత్రలు మింగారు. గుణం కనబడలేదు.

చివరికి విశాఖపట్నంలో ఒక పెద్ద డాక్టరుగారు ఫోటో చూసి అడిగారు: "తాతగారూ, ముప్పై నలభై ఏళ్ల కిందట మీరేం పని చేశారు?" అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. నాన్నగారు చెప్పింది విని ఆయన జబ్బు పేరు చెప్పారు: ఆస్బెస్టోసిస్.

ఆయన వివరంగా చెప్పారు. రాతినార పోగులు కంటికి కనబడనంత సన్నన. ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తుల అడుగున చిక్కుకుంటాయి. ఒళ్లు వాటిని అరిగించుకోలేదు. వాటి చుట్టూ మచ్చకట్టి, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అది మళ్లీ మెత్తబడదు. ఊపిరితిత్తుల క్యాన్సరూ, ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరూ దీనివల్ల రావచ్చు. దుమ్ము పీల్చిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు కూడా అవి బయటపడతాయి. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మరెన్నో రెట్లు.

నాన్నగారు 2009లో వెళ్లిపోయారు. తర్వాత నేను తెలుసుకున్న సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ దుమ్ము ప్రమాదమని బ్రిటన్‌లో 1931లోనే నిబంధనలు చేశారు. నాన్నగారు పనిలో చేరింది దానికి 35 ఏళ్ల తర్వాత! మన సుప్రీంకోర్టు కూడా 1995లో రాతినార పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుండి 40 ఏళ్లు గాని, రిటైరైన తర్వాత 15 ఏళ్లు గాని, ఏది ఎక్కువైతే అంతవరకు భద్రపరచాలని తీర్పు చెప్పింది. నష్టపరిహారం కోసం నేను తిరిగాను. ఆయన చేసింది ఉక్కు పని అని కాగితాల్లో ఉంది గాని, రాతినార ముట్టుకున్నట్టు ఒక్క ముక్క లేదు. ఒట్టి చేతులతో తిరిగి వచ్చాను.

ఆ రాత్రి అమ్మ నెమ్మదిగా అంది: "ఆ చొక్కాలు దులిపింది నేనే కదరా."

నాకు నోట మాట రాలేదు. బట్టలు ఉతికిన భార్యలకు కూడా ఈ జబ్బులు వచ్చిన సంగతి డాక్టర్లు ఎరిగినదే. ఇప్పుడు అమ్మకు డెబ్బై అయిదు దాటాయి. ఏటా పరీక్షకు తీసుకెళ్తున్నాను. దేవుని దయవల్ల ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆమె దగ్గినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది.

ప్రియమైన చదువరులారా, ఉక్కు, ఓడల, విద్యుత్ కర్మాగారాల్లో పనిచేసి వచ్చినవారు మీ ఇంట ఉంటే, ఆయాసం, దగ్గు కనబడినప్పుడు డాక్టరుగారు అడగకపోయినా పాత పని సంగతి మీరే చెప్పండి. పొగ మానిపించండి. ఏ విభాగంలో, ఏ ఏడు నుండి ఏ ఏడు వరకు, ఏ వస్తువులతో పనిచేశారో ఇప్పుడే ఒక కాగితం మీద రాయించి దాచండి. మన పల్లెల్లో పాకల మీద వేసే పాత సిమెంటు రేకుల్లోనూ చాలావాటిలో రాతినార ఉంది. కదపకుండా ఉంటే ప్రమాదం తక్కువే. వాటిని పొడిగా కోయకండి, పగలగొట్టకండి. తీయక తప్పకపోతే నీళ్లతో తడిపి, పిల్లలను దూరంగా పంపి తీయించండి.

నాన్నగారు వాడిన పాటల పుస్తకం మా ఇంట్లో ఉంది. ఆయన ఆగిపోయిన చరణం దగ్గర అమ్మ పెట్టిన దారప్పోగు ఇంకా అలాగే ఉంది.