గొళ్లెము లేని తలుపు

పొరుగింటి తలుపునకు గొళ్లెము సరిగా పడుటలేదని ఒకనికి తెలిసెననుకొనుడు. అతడు ఆ మాట ఇంటి యజమానికి చెప్పవచ్చును. లేదా, ఎవరును లేని వేళ లోనికి పోయి, ఏ వస్తువును ముట్టక తిరిగివచ్చి, "చూచితిరా, మీ తలుపు ఎంత బలహీనమో!" అనవచ్చును. మొదటి పని చేసినవాడు మంచి పొరుగువాడు. రెండవవానిని ఏమని పిలువవలెనో ఊరివారెల్లరు ఎఱుగుదురు. కంప్యూటరు విషయమున మాత్రము చదువుకొన్నవారు సైతము ఈ భేదమును మఱచుచుందురు. 1988వ సంవత్సరమున అమెరికాలో ఒక విద్యార్థి ఇట్లే మఱచెను.

అతని పేరు రాబర్ట్ టాపన్ మోరిస్. వయస్సు 22 ఏండ్లు. కార్నెల్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రమునందు పరిశోధన విద్యార్థిగా అప్పుడే చేరియుండెను. తండ్రి కంప్యూటర్ల భద్రతలో ప్రసిద్ధుడు. పాస్‌వర్డుల రక్షణను గూర్చి 1979లో కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి వ్యాసము వ్రాసినవాడు. కుమారుడును కుశాగ్రబుద్ధి. నాటి ఇంటర్నెట్టునందు ఏయే తలుపులకు గొళ్లెములు లేవో అతడు కనిపెట్టెను. ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు తనంతట తాను ప్రాకిపోవు చిన్న ప్రోగ్రామును వ్రాసెను. అట్టిదానిని పురుగు అని వ్యవహరింతురు. తేలికైన పాస్‌వర్డులను ఒకదాని వెంట నొకటి ప్రయత్నించి చూచుట దాని విద్యలలో నొకటి.

ఎవరి దస్త్రములను చెఱుపవలెనని అతడు తలపలేదు. పురుగు ఒక్కదానినైనను చెఱుపలేదు. రక్షణలో లోపములున్నవని చూపుటయే అతని ఉద్దేశము. ఒక యంత్రమున ప్రవేశించునపుడు, "నావంటిది ఇచ్చట ఇదివఱకే కలదా?" అని అడుగునట్లు వ్రాసెను. కలదన్నచో మరలిపోవలెను. ఐతే యంత్రములను కాపాడువారు బొంకుజవాబు చెప్పింతురేమోయని శంకించి, ఏడు పర్యాయములకొకమాఱు ఆ జవాబును లెక్కచేయకుండునట్లు గూడ ఏర్పాటు చేసెను. ఈ ఏడే కొంప ముంచెను.

నవంబరు 2వ తేదీన పురుగును విడిచెను. తాను చదువు కార్నెల్ నుండి కాదు. మసాచుసెట్స్ రాష్ట్రమునందలి ఎం.ఐ.టి. అను విద్యాసంస్థ కంప్యూటరునుండి. తానెవరో తెలియకుండుటకై అట్లు చేసెను. చేయుచున్న పని ఎట్టిదో అతని మనస్సునకు తెలిసియే యుండెననుటకు వేఱు సాక్ష్యమేల? మంచిపని చేయుచు పేరు దాచుకొనువారు లేకపోలేదు. కాని వారు సాధారణముగా గుప్తదానము చేయువారు.

పురుగు అడుగు ప్రశ్న అతడూహించినదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా అడుగబడెను. ఒక్కొక్క కంప్యూటరున పురుగులు గుంపులుగా చేరి, అన్యకార్యమునకు తావు లేకుండ జేసెను. విశ్వవిద్యాలయములందు, సైనిక స్థావరములందు, వైద్యపరిశోధనాలయములందు పనులు నిలిచిపోయెను. చెడిన యంత్రములు 6,000 అని చెప్పుదురు. అది ఉజ్జాయింపే గాని లెక్కించిన మాట గాదు. వానిని చక్కబఱచుటకు ఒక్కొక్క చోట 200 డాలర్లు మొదలు 53,000 డాలర్లకు పైగా వ్యయమైనట్లు న్యాయస్థానము పేర్కొనెను. ఆ శ్రమపడినవారెవ్వరును మోరిస్‌నకు కీడు చేసినవారు కారు. అతడు వారి ముఖములనైన ఎఱుగడు.

జరుగుచున్నది చూచి మోరిస్ హార్వర్డునందలి ఒక మిత్రునితో సంప్రదించెను. పురుగునెట్లు ఆపవలెనో తెలుపు సందేశమొకటి, అదియు పేరు లేకుండనే, పంపబడెను. కాని దారులన్నియు క్రిక్కిఱిసి యుండుటచే అది సకాలమున చేరలేదు.

1990లో న్యాయస్థానము అతనిని దోషిగా నిర్ణయించి, మూడేండ్ల పర్యవేక్షణ, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించెను. నష్టము కలిగింపవలెనని తలపలేదను వాదమును 1991లో పై న్యాయస్థానమును అంగీకరింపలేదు. అనుమతి లేనిచోట తెలిసి ప్రవేశించుటయే నేరమునకు చాలుననెను.

తోటి బాలుడు పాస్‌వర్డు నొక్కుచుండగా వ్రేళ్ల కదలికనుబట్టి గ్రహించి, వాని ఖాతాను "ఊరక చూచుటకే" తెఱచు విద్యార్థి మోరిస్ అంతటి ప్రజ్ఞావంతుడు కాడు. ఐనను దాటినది ఆ గడపయే. పాస్‌వర్డు బయటపడినదని ఆ బాలునితో చెప్పుట కష్టమైన పని కాదు. తన నేర్పును నలుగురిలో చాటుకొను ముచ్చట మాత్రము కొంత తగ్గును.

మోరిస్ చదువు అంతటితో ఆగిపోలేదు. 1999లో హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొంది, తరువాత ఆచార్యుడయ్యెను. పేరు దాచుకొనుటకు నాడు ఏ సంస్థ కంప్యూటరును వాడుకొనెనో, ఆ ఎం.ఐ.టి.యందే తన పేరుతో విద్యార్థులకు పాఠములు చెప్పెను.