కౌన్సెలింగ్ గదిలో అమ్మ నమ్మకం

మేము కన్నడ మీడియంలో చదివినవాళ్లం. తెలుగు అక్షరాలు బడిలో కాదు, ఇంట్లో అవ్వ దగ్గర, గోడ మీది క్యాలెండరు చూసి నేర్చుకున్నాం. అందుకే కొన్ని మాటలు మాకు ముందు కన్నడలోనే తెలుసు. కౌన్సెలింగ్‌ని కన్నడలో ఆప్తసమాలోచన అంటారు. ప్రభుత్వ ఆసుపత్రుల బోర్డుల మీద కూడా ఆ మాటే కనిపిస్తుంది. తెలుగులోనూ ఆప్తులంటే మనకి దగ్గరవాళ్లే. నాయన పోయినాక అమ్మని తీసుకుని ముగ్గురు కౌన్సెలర్ల దగ్గరికి తిరిగినాం. అప్పుడు మాకు అర్థమైంది ఇది: ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఆప్తుల మాదిరి వినాలి, కానీ ఆప్తుల మాదిరి తీర్పు చెప్పకూడదు. మన ఇళ్లలో ఈ తేడా గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి రాస్తున్నాం.

మాది చింతామణి పక్క ఊరు. ఆ తాలూకాలోనే కైవారం ఉంది. 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడక ముందు అదంతా కోలారు జిల్లానే. యోగి నారేయణ యతీంద్రుల్ని మా పక్క అందరూ కైవార తాతయ్య అంటారు. గాజులు అమ్ముకుంటూ ఊరూరా తిరిగినారని పెద్దలు చెప్తారు. ఆయన తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు కట్టినారు. మా ఇంట్లో "తాతయ్య చెప్పినాడు" అంటే అది ఆయన సంగతే. అమ్మ నాయన తండ్రి సంగతి కాదు. ఈ ఒక్క ముక్క తెలియకపోతే ఎంత దూరం పోతుందో చూడండి.

నాయన పోయిన ఎనిమిది నెలలకి కూడా అమ్మకి నిద్ర సరిగా రాలేదు. రెండు ముద్దలు తిని లేచేది. బెంగళూరులో మాతోనే ఉన్నా వాకిలి దాటేది కాదు. తెల్లవారి కాఫీ కాచి ముందు నాయన ఫోటో దగ్గర ఒక లోటా పెట్టి, కాసేపు ఆయనతో మాట్లాడేది. మాకు భయమైంది నిద్ర గురించి, తిండి గురించి. కాఫీ గురించి కాదు.

మొదటి కౌన్సెలర్ చిన్న వయసాయన. ఇంగ్లీషు, కన్నడ మాట్లాడతాడు. అమ్మ సంతలో కన్నడ బాగానే మాట్లాడుతుంది, కానీ దుఃఖం ఆమెకి తెలుగులోనే వస్తుంది. మాటల్లో "అంతా తాతయ్య ముందే చెప్పినాడు" అనింది. ఆ గొంతు ఎప్పటినుంచి వినిపిస్తోంది అని ఆయన అడిగినాడు. అడగడం తప్పు కాదు, గొంతులు వినిపిస్తున్నాయా అని కనుక్కోవాల్సిందే. కానీ ఆ తాతయ్య ఎవరని అడగలేదు. పుస్తకంలో ఏదో రాసుకుని, ఫోటో ఇంకో గదిలో పెట్టండి, కాఫీ పెట్టే మూఢనమ్మకం మానేయండి అన్నాడు. అమ్మ మళ్లీ అక్కడికి పోలేదు.

రెండో ఆయన పెద్దవారు, భక్తి గల మనిషి. ఈయన దగ్గర అమ్మకి బాగుంటుందని అందరం అనుకున్నాం. అమ్మ నాలుగు మాటలు చెప్పకముందే ఆయన "అంతా కర్మ తల్లీ, మీరు ఏడిస్తే ఆయన ఆత్మకి శాంతి ఉండదు" అన్నారు. రోజూ 108 సార్లు ఒక స్తోత్రం చదవమన్నారు. శనివారం తమ గురువుగారి భజనకి రమ్మన్నారు. ఇంటికొచ్చినాక అమ్మ అనిన మాట మాకు ఇప్పటికీ గుర్తే: "ఇంట్లో మీరు ఏడవనీరు. ఆడ ఆయనా ఏడవనీడు. ఇంక యాడ ఏడ్చేది?"

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రతి టెస్ట్ కేసులో ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్ అని ఒక గడి ఉంటుంది, అంటే ఏమి జరిగితే సరి అన్నట్టు. అందులో ఉండాల్సింది వాడుకునేవాళ్ల అవసరం, టెస్టర్ ఇష్టం కాదు. ఆ ఇద్దరు కౌన్సెలర్లూ ఒకరికొకరు ఎదురు మనుషుల్లాగా కనిపిస్తారు. ఒకరు దేవుణ్ణి తీసేయమన్నారు, ఒకరు ఇంకా ఎక్కువ పెట్టమన్నారు. కానీ ఇద్దరూ చేసింది ఒకటే. అమ్మ గడిలో తమ జవాబు రాసినారు.

ఈ రంగం చరిత్రలో కూడా ఈ గుంజులాట ఉంది. ఫ్రాయిడ్ 1927లో మతం ఒక భ్రమ అని పుస్తకమే రాసినాడు. కార్ల్ రోజర్స్ మొదట మతబోధ చదువుకి సెమినరీలో చేరి, దాన్ని వదిలి మనఃశాస్త్రానికి వచ్చినవాడు. ఎదుటి మనిషిని షరతులు పెట్టకుండా అంగీకరించి వినడమే వైద్యానికి పునాది అన్నాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో తెచ్చిన డీఎస్‌ఎం నాలుగో కూర్పులో మతపరమైన, ఆధ్యాత్మికమైన సమస్యలకి ఒక పేరు చేర్చినారు. వాటిని జబ్బు లెక్కలో వేయలేదు. అమెరికా కౌన్సెలర్ల సంఘం 2014 నియమావళి అయితే కౌన్సెలర్ తన విలువల్ని వచ్చినవాళ్ల మీద రుద్దకూడదని నేరుగా చెప్తుంది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, ఒక మనిషి తన సమాజపు నీతికీ మతనమ్మకాలకీ ఒదగలేదన్న కారణంతో మానసిక అనారోగ్యం ఉందని తేల్చకూడదు.

మూడో ఆమెకి తెలుగు వచ్చు. లోపల ఏమి జరిగిందో అమ్మ తనకి తోచినప్పుడు కొంచెం కొంచెం మాకు చెప్పింది. "తాతయ్య అంటే ఎవరమ్మా? నాకు తెలియదు, మీరే చెప్పండి" అని ఆమె మొదలుపెట్టిందంట. అమ్మ కైవారం గురించి, గురుపౌర్ణమి సంగీతోత్సవం గురించి, నాయనతో పోయిన ప్రయాణాల గురించి చెప్తానే ఉందంట. తరువాత ఆమె కాఫీ మంచిదా చెడ్డదా అనలేదు. "కాఫీ పెట్టినాక మనసు తేలికవుతుందా, బరువవుతుందా?" అని అడిగింది. "కాఫీ పెడితే తేలికే. రాత్రి ఆయన కుర్చీ చూస్తేనే బరువు" అనింది అమ్మ. అంతే, కాఫీ జోలికి పోకుండా రాత్రి సంగతి పట్టుకున్నారు. ఒకరోజు అమ్మే "నువ్వు ఏ దేవుణ్ణి మొక్కుతావు పాపా?" అని అడిగితే "ఇది మీ సమయం అమ్మా, మీ దేవుడి గురించే మాట్లాడదాం" అనిందంట.

కష్టమైన భాగం తరువాత వచ్చింది. ఊరి ఇల్లు అమ్మేసి, అమ్మని బెంగళూరులోనే ఉంచుకోవాలని మా అందరి ఆలోచన. తల్లిని ఒంటరిగా వదిలితే కొడుకులు కోడళ్లు ఉండీ ఏమి లాభం అంటారు కదా మన పక్క. మేనమామ కౌన్సెలర్ దగ్గరికి పోయి "అక్క ఏమంటా ఉంది? ఇల్లు అమ్మడానికి మీరే నచ్చచెప్పండి. డబ్బు కట్టేది మా పిల్లలే కదా" అన్నాడు. ఆమె మర్యాదగానే "డబ్బు మీ పిల్లలది సార్, మాట అమ్మది. ఆమె చెప్పమంటేనే చెప్తాను" అనింది. మామకి కోపం వచ్చింది. కానీ అదే 2017 చట్టం 23వ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ప్రాణానికి ముప్పు, కోర్టు ఆజ్ఞ లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు.

మూడు నెలలకి అమ్మే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది, ఊరికి పోయి ఆ ఇంట్లోనే ఉంటానని. ఆ మాట చెప్తే మనసు చెడిందనుకుంటారని ఇన్నాళ్లూ చెప్పలేదంట. పొమ్మని గాని ఉండమని గాని కౌన్సెలర్ అనలేదు. ఇప్పుడు అమ్మ ఊర్లో ఉంది, నిద్ర కొంచెం మేలు. మాకు భయం పోలేదు. రోజూ రాత్రి ఫోన్ చేస్తాం, శనివారాలు పోతాం. కొడుకుల ధర్మం ఒక పక్క, అమ్మ ఇష్టం ఒక పక్క. ఈ రెండింటి మధ్య లెక్క ఇంకా తేలలేదు. కానీ లెక్క వేసేది మా ఇల్లే, బయటి మనిషి కాదు.

తెలుగు ప్రాంతాలకి బయట ఉన్న మన ఇళ్లలో పెద్దల దేవుడూ, దుఃఖమూ, భాషా ఒకే మూటలో ఉంటాయి. కాబట్టి కౌన్సెలర్ దగ్గరికి పోయే ముందు నాలుగు సంగతులు అడగండి. ఏమి చదివినారు, ఎక్కడ రిజిస్టర్ అయినారు? క్లినికల్ సైకాలజిస్టులైతే 1992 చట్టం కింద ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. పెద్దవాళ్ల భాష వచ్చా? విన్నది ఎవరికి చెప్తారు, ఎవరికి చెప్పరు? వాళ్ల నమ్మకం మీకు కొత్తదైతే ఏమి చేస్తారు? ఈ చివరి ప్రశ్నకి "వాళ్లనే అడుగుతాను" అనేవాళ్లు దొరికితే వదలొద్దు.

వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉంది. నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పని చేస్తుంది. అందులో తెలుగు కూడా ఉంది. మీరు ఉండేది బళ్లారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా పెద్దవాళ్ల కోసం ఫోన్ చేసేటప్పుడు భాష తెలుగే అడగండి.