డల్లాసు నుండి మరి యెచటికి?

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు ఉత్తరముగా ఫ్రిస్కో, ప్లేనో అను ఊళ్లును, పడమరగా అర్వింగు అను ఊరును కలవు. ఈ ఊళ్లలో తెలుగు వినబడని వీధి అరుదు. గోంగూర, దోసకాయ, ములగకాడ అంగళ్లలో దొరకును. అర్వింగు పట్టణపు ఉద్యానవనములో 2014వ సంవత్సరమున గాంధీమహాత్ముని విగ్రహమును ప్రతిష్ఠించిరి. ఫ్రిస్కోలో హనుమంతుని ఆలయము కలదు. అచ్చట ప్రసాదమునకై నిలుచు వరుసను చూచినవారికి మన ఊరు జ్ఞప్తికి రాక మానదు.

గుంటూరువారికి జ్ఞప్తికి వచ్చునది మరియొకటి కూడ కలదు. ఇచటి నేల నల్లరేగడి. ఒకప్పుడు ఈ నేలలో విస్తారముగా ప్రత్తి పండెడిది. డల్లాసు పెద్ద ప్రత్తి బజారుగా పేరు పొందెను. మన రేగడివలెనే యిదియు వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. అందుచేత పునాదులు కదలి గోడలు పగులకుండుటకై వేసవిలో ఇంటి చుట్టును చిల్లుల గొట్టము పరచి నేలను తడుపుచుందురు. మేము ఇల్లు కొన్న క్రొత్తలో పొరుగింటి ముసలమ్మ నాకీ పని నేర్పినప్పుడు నవ్వు వచ్చినది. మొక్కకు నీరు పోయుట ఎఱుగుదుము గాని, పునాదికి నీరు పోయుట మనమెచట చూచితిమి?

ఊరు విశాలము, ఇండ్లు విశాలములు, బాటలు అంతకంటె విశాలములు. కాని కాలినడకన పోదగిన చోటు లేదు. పాలు కావలసినను, పిల్లను స్నేహితురాలి యింటికి పంపవలసినను కారు కదలవలెను. కారు నడుపుట రాని స్త్రీకి ఆ పెద్ద యిల్లే చెఱసాల. అరుగుమీద కూర్చుండి దారిన పోవువారిని పలుకరించుట యన్నది లేదు. దారిన పోవువారుండిన గదా! వేసవి యెండ రెంటచింతలను తలపించును. 2021 ఫిబ్రవరిలో మంచుతుపాను వచ్చినప్పుడు శీతము సున్నకు క్రింద 19 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగినది. టెక్సాసు విద్యుత్తు వ్యవస్థకు తక్కిన దేశముతో సంబంధము మిక్కిలి స్వల్పమగుటచే, పొరుగు రాష్ట్రములనుండి తగినంత కరెంటు రాలేదు. లక్షలకొలది యిండ్లు చీకటిలో మునిగినవి. పిల్లలను నడుమ పెట్టుకొని, ఉన్న దుప్పట్లన్నియు కప్పుకొని, రెండు రాత్రులు గడపితిమి. అంతటి సంపన్న దేశమున గ్లాసెడు వేడినీళ్లకు ముఖము వాచితిమి.

ఐనను ఎండను, చలిని, ఒంటరితనమును ఓర్చుకొనవచ్చును. ఓర్వరానిది అనిశ్చితి. మా వారు 2013లో హెచ్-1బి అను ఉద్యోగపు వీసామీద వచ్చిరి. నేనును, మూడేండ్ల మా అమ్మాయియు ఆయన వెంట హెచ్-4 అను ఆశ్రితుల వీసామీద వచ్చితిమి. ఉద్యోగము పోయినచో వేరొకటి వెదకికొనుటకు గడువు 60 దినములు. అటుపై దేశము విడువవలసినదే. ఉద్యోగముల మూలమున ఇచ్చు గ్రీన్ కార్డులు సంవత్సరమునకు సుమారు 1,40,000. అందు ఏ యొక్క దేశమున పుట్టినవారికైనను నూటికి 7 వంతులకు మించరాదని నియమము. గుప్పెడు జనమున్న దేశమునకును మన దేశమునకును అదే కొలత. అందుచేత 2025వ సంవత్సరమునను, రెండవ తరగతిలో మనవారి వంతు 2013 నాటి అర్జీలకడనే నడచుచుండెను. మా అర్జీ 2015 నాటిది. రెండేండ్లే గదా యని తోచును. కాని ఆ వరుస ఒక్కొక్క యేట కొన్ని వారములు మాత్రమే కదలును, ఒక్కొక్కప్పుడు వెనుకకును పోవును.

ఆశ్రితుల వీసాపై వచ్చిన భార్యలకు 2015 మే నెలవరకు ఉద్యోగము చేయు హక్కే లేదు. ఆనాటినుండి, భర్త యర్జీ కొంతమేర ఆమోదము పొందినచో, అనుమతిపత్రము నిచ్చుచున్నారు. ఎం.ఫార్మసీ చదివిన నేను ఆ పత్రము చేతికి వచ్చిన పిమ్మట ఒక మందుల పరిశోధనాలయమున కుదిరితిని. ఒకమారు దాని గడువు తీరి, క్రొత్తది రాక, నాలుగు నెలలు ఇంట కూర్చుంటిని. చేతిలో విద్య యున్నది, కాగితము లేదు.

ఇంతకంటె కఠినమైనది పిల్లల సంగతి. అమ్మాయి గుంటూరులో పుట్టినది, అబ్బాయి డల్లాసులో పుట్టినాడు. ఒకే కంచమున తిని పెరిగిన యీ యిద్దరిలో అబ్బాయి అమెరికా పౌరుడు, అమ్మాయి ఆశ్రితురాలు. తోడి పిల్లలు వేసవి సెలవులలో అంగళ్లలో పనిచేసి నాలుగు డాలర్లు గడించుకొందురు. దీనికి ఆ హక్కు లేదు. 21 ఏండ్లు నిండగానే ఆశ్రిత వీసా చెల్లదు. అప్పటికి మా వంతు రాకున్న విద్యార్థి వీసా తెచ్చుకొనవలెను, లేదా దేశము విడువవలెను. మూడవ యేటనుండి పెరిగిన ఊరిలోనే అది పరదేశపు విద్యార్థిని యగును.

ఇట్లుండగా 2023 జూలైలో కెనడా ప్రభుత్వమువారు, అమెరికాలోని హెచ్-1బి ఉద్యోగులలో 10,000 మందికి మూడేండ్లవరకు పని అనుమతి నిచ్చుటకై అర్జీలు స్వీకరింపసాగిరి. రెండు దినములు తిరుగకముందే ఆ సంఖ్య నిండిపోయెను. మనసు విరిగినవారము మేము మాత్రమే కామని అప్పుడు తెలిసినది. మరుసటి వేసవిలో టొరంటో నగరమునకు పోయి చూచితిమి. అచ్చట ట్రాములు, భూగర్భపు రైళ్లు కలవు. ఒక స్త్రీ సంచి చేతబట్టుకొని, కూరలు కొని, నడచి యింటికి పోవుచుండుట చూచి నేను చాల సేపు అటే చూచుచు నిలిచితిని. వైద్యునికడకు పోయిన రుసుము లేదు. పన్నులనుండి ప్రభుత్వమే భరించును. కాని నిపుణుని దర్శనమునకు నెలలతరబడి కాచుకొనవలెను. ఇండ్ల వెల ఆ యేడు సగటున పది లక్షల కెనడా డాలర్లను దాటి యుండెను.

కెనడాలో ఒక మంచి పద్ధతి కలదు. దంపతులలో ఎవరు ప్రధాన అభ్యర్థిగా నుండినను చెల్లును. శాశ్వతనివాసము వచ్చినచో భార్యకును, భర్తకును, పిల్లలకును సమానముగా వచ్చును. మార్కులలో వయస్సునకు పెద్ద పాలు. దంపతులుగా అర్జీ పెట్టినచో అభ్యర్థికి 20 మొదలు 29 ఏండ్లవరకు 100 మార్కులు. 39 ఏండ్లకు 50. 44 ఏండ్లకు 5. 45 నిండిన సున్న. అప్పటికి మా వారికి 44, నాకు 39. అన్ని దరఖాస్తులలోను ఆయన పేరు క్రిందనే నా పేరు వ్రాయుట అలవాటైన నాకు, నా పేరు పైన పెట్టి లెక్క కట్టుట వింతగా నుండెను. మా వారే కలము నా చేతికిచ్చి, “ఇక నీవే పెద్దదిక్కు, కానిమ్ము” అనిరి. కాని కూడిన మొత్తము, ఆ యేడు పిలుపు వచ్చినవారి మార్కులను అందుకొనలేదు.

మిగిలినది హైదరాబాదు. 2024 డిసెంబరులో అచటికి పోయితిమి. కోకాపేట, నార్సింగి వైపున నలుబది యంతస్తుల మేడలు లేచినవి. గుంటూరులో రాత్రి బస్సెక్కిన మా అమ్మ తెల్లవారుసరికి తలుపు తట్టినది. ఆ సుఖమునకు వెల కట్టలేము. కాని ఆ యేటి వేసవిలో బోర్లెండి, అంత మేడలవారును ట్యాంకరు నీళ్లకై కాచుకొనిరని బంధువులు చెప్పిరి. సాయంకాలము ఆరు మైళ్లు పోవుటకు గంట పట్టినది.

పిల్లల సంగతి అచ్చట తలక్రిందులు. అమ్మాయి భారత పౌరురాలు, సర్వహక్కులు కలది. అబ్బాయి విదేశీయుడు. మన దేశము రెండు పౌరసత్వములను అంగీకరింపదు. ఓ.సి.ఐ. కార్డు తీసికొన్నచో వాడు జీవితాంతము నివసింపవచ్చును, చదువవచ్చును, ఉద్యోగము చేయవచ్చును. ఓటు లేదు, సాగుభూమి కొనరాదు. 2021 నాటి ఉత్తర్వు ప్రకారము వైద్యవిద్యలో ఎన్.ఆర్.ఐ. సీట్లకు మాత్రమే పోటీపడవలెను. తెలంగాణ పాఠశాలలలో 2018 చట్టముచే తెలుగు తప్పనిసరి. పదియేండ్ల వీడు తెలుగు చక్కగా మాటలాడును గాని అక్షరములు ఎఱుగడు. ఇప్పుడు ప్రతి రాత్రి భోజనమైన పిమ్మట గుణింతము దిద్దుచున్నాడు.

అమెరికాలో అక్క పరాయిది, హైదరాబాదులో తమ్ముడు పరాయివాడు. నలుగురికిని సమానముగా తలుపు తీయు ఊరు మాకు దొరకలేదు. కాబట్టి ఎవరి లోటును ఓర్చుకొనవచ్చునో విచారించితిమి. హైదరాబాదులో అబ్బాయికి కొన్ని హక్కులు తక్కువయే గాని, వానిని ఇల్లు విడువుమనువారు లేరు. డల్లాసులో అమ్మాయికి ఆపాటి భరోసా లేదు. ఈ యొక్క భేదమే మా నిర్ణయమునకు మూలము.

పోవుట సులభము, మరల వచ్చుట దుర్లభము. 2025 సెప్టెంబరులో, దేశము వెలుపలివారికై పెట్టు క్రొత్త హెచ్-1బి అర్జీలకు లక్ష డాలర్ల రుసుము విధించిరి. ఇది తెలిసియే అమ్మాయిని అడిగితిమి. అది మూడు దినములు మాతో మాటలాడలేదు. నాలుగవనాడు వచ్చి, “పన్నెండవ తరగతి ఇచ్చటనే ముగింతును. అంతవరకు ఆగుడు” అనినది. న్యాయమైన మాట. 2028 వేసవివరకు ఆగుదుము.

ఈ నడుమ శామీరుపేట దగ్గరి జినోమ్ వ్యాలీలోని పరిశోధనాలయములలో నేను ఉద్యోగము వెదకుచున్నాను. అది కుదిరినచో మా కాపురము ఆ వైపుననే. కోకాపేట మేడలు మాకు వలదు. తొలి ప్రయాణము మా వారి ఉద్యోగము వెంట సాగినది. ఈ ప్రయాణము నా ఉద్యోగము వెంట సాగవలెనని మా యింట అందరును ఒప్పుకొన్నారు.

విదేశమునకు పోవ నెంచినను, తిరిగి రాదలచినను, సోదరీమణులు పెట్టెలు సర్దుటకు ముందు ఒక్క సంగతి విచారింపవలెను. జీతము, ఇల్లు, వాతావరణము అందరును అడుగుదురు. ఆ దేశము ఇచ్చు కాగితములో మీ పేరు, మీ బిడ్డల పేర్లు ఎచట నున్నవో, ఎన్నాళ్లవరకు చెల్లునో, మీరే అడిగి తెలిసికొనుడు.