డబ్బాలో నాలుగు అక్షరాలు

మీ ఇంట్లో లైనక్స్ వాడే కుర్రాడు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాడి కంప్యూటర్ తెర పైఅంచు ఒకసారి చూడండి. బ్యాటరీ, వైఫై, గంట బొమ్మలు వరసగా ఉండాల్సిన చోట డబ్బాలు కనిపిస్తే మొహమాటపడకండి, "ఏంట్రా ఇవి?" అని అడగండి. "ఫాంట్ పడలేదు బాబాయ్" అంటాడు. ఆ రాత్రికి కనబడిన ఫాంటల్లా దించుకుంటాడు. తెల్లారేసరికి డిస్క్ నిండుతుంది, డబ్బాలు మాత్రం ఎక్కడివక్కడే.

నన్నడిగితే, ముందు ఆ డబ్బాను చదవమంటాను. అవునండీ, చదవడమే. ఆ పైఅంచు పట్టీ గీసే వేబార్ లాంటి ప్రోగ్రాములు అక్షరాలు గీయడానికి పాంగో అనే లైబ్రరీని వాడతాయి. బొమ్మ దొరకనప్పుడు పాంగో వట్టి డబ్బా గీసి ఊరుకోదు, లోపల చీమల్లాంటి అక్షరాలు, సాధారణంగా నాలుగు, పెడుతుంది. ఉదాహరణకు పై వరసలో ఎఫ్0, కింద 15. అంటే అడిగింది ఎఫ్015 అన్నమాట. ఫాంట్ ఆసమ్ అనే బొమ్మల ఫాంటులో అది ఇంటి బొమ్మ. ఎఫ్0ఎఫ్3 అని ఉంటే గంట.

ఈ అంకెలు యూనికోడ్ అనే అక్షరాల పట్టికలో గడుల నంబర్లు. అందులో మన తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 గళ్లు పట్టా ఇచ్చారు. అక్కడ 'క' ఉన్న గడిలో ఏ ఫాంటైనా 'క'నే గీయాలి. ఈ000 నుంచి ఎఫ్8ఎఫ్ఎఫ్ దాకా ఉన్న 6,400 గళ్లు మాత్రం పోరంబోకు. ఎవరైనా పాక వేసుకోవచ్చు, ఒకే చోట ఇద్దరు వేసుకున్నా అడిగేవాడు లేడు. ఆఖరి గడి ఎఫ్8ఎఫ్ఎఫ్‌లో ఆపిల్ కంపెనీ తన కొరికిన పండు పెట్టుకుంది. స్టార్ ట్రెక్ అభిమానులు అదే గడిని క్లింగాన్ లిపికి రాసుకున్నారు. బొమ్మల ఫాంట్లు చాలావరకు ఈ పోరంబోకులోనివే. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు పెట్టుకున్న రోజులు గుర్తున్నాయా? ఆ ఫాంటు లేకపోతే వార్తంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలే. ఇదీ ఆ బాపతే.

సరే, అక్షరాలు తెలిశాయి. టెర్మినల్‌లో ఎఫ్‌సీ-లిస్ట్ అని కొట్టి, పక్కన కొటేషన్లలో కోలన్, చార్‌సెట్, ఈక్వల్, ఎఫ్015 అని ఇవ్వండి. ఆ గడిలో బొమ్మ ఉన్న ఫాంట్లన్నీ పేర్లతో సహా వస్తాయి. ఒక్కటీ రాకపోతేనే కొత్త ఫాంటు కావాలి. దాన్ని హోమ్ ఫోల్డర్‌లోని .లోకల్/షేర్/ఫాంట్స్‌లో వేసి, ఎఫ్‌సీ-క్యాష్ నడిపి, ఆ ప్రోగ్రామును మూసి తెరిస్తే చాలు.

చాలాసార్లు ఫాంటు ఉంటుంది, పేరే కుదరదు. ఫాంట్ ఆసమ్ వాళ్లు 2017లో 5వ వెర్షన్ తెచ్చినప్పుడు అంకెను పేరులోనే కలిపేశారు: "ఫాంట్ ఆసమ్ 5 ఫ్రీ". ఆరు రాగానే అది "6 ఫ్రీ" అయింది. మీ కాన్ఫిగ్, అంటే సెట్టింగుల ఫైలు, ఇంకా ఐదునే పిలుస్తుంటుంది. ఉచితంగా ఇచ్చే బొమ్మల్లో ఎక్కువ భాగం సాలిడ్ స్టైల్లో ఉంటాయి, రెగ్యులర్‌లో ఉండేవి కొన్నే. అందుకే పేరు పక్కన స్టైల్ సాలిడ్ అని కూడా రాయాలి. ఇలా పేర్లు మార్చేవాళ్ల మీద నాకైతే ఒళ్లు మండుతుంది.

మామూలు ఫాంట్లకు బొమ్మలు అతికించి ఇచ్చే నెర్డ్ ఫాంట్స్‌ది మరో కథ. అందులోని మెటీరియల్ డిజైన్ బొమ్మలు పోరంబోకు దాటి, చైనా, అరబ్బీ అక్షరాలకు ఇచ్చిన గళ్లలోకి కూడా చొరబడ్డాయి. 2023లో వచ్చిన 3వ వెర్షన్‌లో వాటన్నిటినీ ఖాళీ చేయించి ఎఫ్0001 నుంచి మొదలయ్యే పెద్ద మైదానానికి తరలించారు. ఇది మంచి పనే. అప్‌డేట్ చేశాక బొమ్మ ఉండాల్సిన చోట చైనా అక్షరం ప్రత్యక్షమైతే కంగారు పడకండి, కాన్ఫిగ్‌లో కొత్త నంబరు వేసుకోండి. టెర్మినల్‌లో బొమ్మ సగానికి తెగితే దాని తర్వాత ఒక ఖాళీ వదలండి, లేదా అదే ఫాంటులో మోనో రకం పెట్టండి.

ఇంత చేసినా కుదరకపోతే, తెలిసినవాళ్లను అడిగేటప్పుడు "డబ్బాలొస్తున్నాయి" అని మాత్రం అనకండి. లోపలి అక్షరాలూ, కాన్ఫిగ్‌లో రాసిన ఫాంటు పేరూ చెప్పండి. జవాబు త్వరగా వస్తుంది.