కుదురైన పిల్ల

"మా అమ్మాయి చాలా కుదురండీ. చేతికో పుస్తకమిస్తే చాలు, కూర్చున్న చోటు నుంచి కదలదు." ఇప్పుడు రాస్తున్న, పాఠాలు చెబుతున్న ఆడవాళ్ళలో చాలామంది ఈ మెచ్చుకోలు వింటూ పెరిగినవాళ్ళే. నేనూ అంతే. మా ఇంట్లో అమ్మ దాచుకున్న పాత చందమామల కట్టలుండేవి. సాహిత్యం మీద ఇష్టం అక్కడే మొదలై నన్ను పిహెచ్‌డీ దాకా లాక్కొచ్చింది. కథ చదివే పిల్ల కాసేపు మరో మనిషిగా బతికి చూస్తుంది. ఎదుటివాళ్ళ దుఃఖానికి మాటలు వెతుక్కుంటుంది. పుస్తకం ఇచ్చినదాన్ని నేనెన్నడూ తక్కువ చెయ్యను. కానీ ఆ మెచ్చుకోలులో చదవడానికి దక్కిన వాటా ఎంత? కదలకపోవడానికి దక్కిన వాటా ఎంత?

ఆటలు నేర్పేవి వేరే ఉంటాయి. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద గెంతుతూ ఒళ్ళు తూకం నేర్చుకుంటుంది. వామనగుంటల్లో 14 గుంటలకు చింతగింజలు పంచుతూ లెక్కా, ముందుచూపూ అలవడతాయి. తొండి చేసినవాళ్ళతో పోట్లాడటం, ఓడిపోయి అలిగి మళ్ళీ ఆటలోకి రావడం ఎవరూ పాఠంగా చెప్పరు. అయితే మనం ఎదిగేకొద్దీ మన ఆటస్థలం కుంచించుకుపోతుంది. వీధిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి అరుగు మీదికి, చివరికి గుప్పిట్లో పట్టే అచ్చనగాయల్లోకి. మగపిల్లల ఆటేమో వీధి దాటి మైదానానికి పోతుంది.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడవాళ్ళకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. పేపర్లో ఫొటో చూసి మా ఊరంతా మురిసిపోయింది. ఆ మురిపెం మా స్కూలు వరండా దిగలేదు. మరుసటి ఏడు నేను పెద్దమనిషినయ్యాను. ఆడొద్దని ఎవరూ గట్టిగా అనలేదు. చున్నీ వచ్చింది, అంతే. డ్రిల్లు పీరియడ్లో మగపిల్లలు గ్రౌండుకి, మేం వరండాలో హోంవర్కుకి.

చాలా ఏళ్ళ తర్వాత ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసం చదువుతుంటే ఆ వరండా గుర్తొచ్చింది. బంతి విసిరేటప్పుడు ఆడపిల్ల ఒళ్ళంతా ఎందుకు వాడదు? కారణం కండల్లో లేదు, తన చుట్టూ ఉన్న చోటు తనది కాదని నేర్చుకున్న దేహంలో ఉందంటుంది ఆమె. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలంటోంది. 2016 లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 11 నుంచి 17 ఏళ్ళ మగపిల్లల్లో నూటికి 78 మందికి, ఆడపిల్లల్లో నూటికి 85 మందికి అది దక్కలేదు.

ఇప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఆరో తరగతికి రాగానే డ్రిల్లు పీరియడ్లు ఫౌండేషన్ కోర్సులో కలిసిపోయాయి. అడిగితే, "మీ పాప బాగా చదువుతుంది కదా మేడం, ఆటలెందుకు?" అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలమూ ఉండాలంది, కథల పుస్తకాలున్న లైబ్రరీ కూడా ఉండాలంది. ఒకటి ఇచ్చాం కాబట్టి రెండోది అక్కర్లేదని అనలేదు. నిజానికి ఆ ఫౌండేషన్ కోర్సులో కథల పుస్తకానికీ చోటు లేదు. మగపిల్లలకైతే అది ఏనాడో దూరమైంది.

వచ్చే సమావేశానికి నలుగురైదుగురు తల్లులం కలిసి వెళ్తున్నాం. వారానికి కనీసం మూడు ఆటల పీరియడ్లు, అందులో గ్రౌండు ఆడపిల్లలకు కూడా. లైబ్రరీ పీరియడ్ మగపిల్లలకు కూడా. మేం అడగబోయేది ఇంతే. మా అమ్మాయి ఇంకో ఏడాదిలో పెద్దదవుతుంది. ఈలోగానే అడగాలి.