సెటిల్ కాని రెక్కలు

ఒక రఫ్ కాగితంతో విమానం చేయండి. రెక్కలు కొంచెం పైకెత్తి, ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంచి వదలండి. తర్వాత అవే రెక్కల్ని కిందకి వంచి వదలండి. మొదటిసారి పక్కకి ఒరిగినా సర్దుకుని పోతుంది. రెండోసారి చాలావరకు ఓ పక్కకి తిరగబడి నేలచూపులు చూస్తుంది. కాగితం అదే, బరువు అదే. మారింది కోణం ఒక్కటే.

దీన్నే డైహెడ్రల్ అంటారు. విమానం కుడికి ఒరిగితే కుడివైపుకే జారుతుంది. అప్పుడు గాలి, దిగిన రెక్కకి కాస్త ఎక్కువ కోణంలో తగులుతుంది. ఆ రెక్కకి లిఫ్ట్ పెరుగుతుంది, రెండో రెక్కకి తగ్గుతుంది. విమానం తనంతట తానే నిటారుగా వస్తుంది. పైలట్ అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు.

మా ఏరోమోడలింగ్ బ్యాచ్ థర్మాకోల్ గ్లైడర్ చేసినప్పుడు ఈ ఉపాయం నాకు తెగ నచ్చేసింది. ఇంత సులువైన దారి ఉండగా, మెస్ వెనకాల తిరిగే గద్దలు దీన్ని ఎందుకు వాడుకోవు అని డౌటొచ్చింది. అవి రెక్కలు దాదాపు బల్లపరుపుగా చాపి తిరుగుతాయి. చీలిన తోకని మాత్రం అటూ ఇటూ మెలితిప్పుతూనే ఉంటాయి.

అలాగని 'వి' రెక్కల పక్షులు లేవా అంటే, ఉన్నాయి. చలికాలంలో కర్నూలు వైపు రోళ్ళపాడు గడ్డి మైదానాలకి వలస వచ్చే హారియర్లు అలాంటివే. గడ్డికి కాస్త పైన, నెమ్మదిగా, రెక్కలెత్తి తేలుతూ వేటాడతాయి. కళ్ళు గడ్డిలో వెతుకుతుంటే బ్యాలెన్స్ సంగతి సగం ఆ కోణమే చూసుకుంటుంది.

కానీ దీనికీ ఖర్చుంది. రెక్క ఎత్తితే లిఫ్ట్‌లో కొంత లోపలివైపుకి పోతుంది. 10 డిగ్రీలకి కొసైన్ 0.985, అంటే నష్టం ఒకటిన్నర శాతమే. 20 డిగ్రీలకైతే 6 శాతం. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. పక్షి ఒరగకపోయినా, పక్కగాలి కొడితే చాలు, 'వి' రెక్క దానికీ స్పందించి ఊగిపోతుంది. అమెరికాలో టర్కీ వల్చర్ అనే రాబందు ఇలాగే తూలుతూ తేలుతుంది. 1900లో కిట్టీహాక్‌లో విల్బర్ రైట్ దీన్ని గమనించాడు. గట్టిగాలిలో ఈ పక్షి కన్నా రెక్కలు సమంగా చాపే డేగలే తేలిగ్గా నిలదొక్కుకుంటాయని నోటుబుక్కులో రాసుకున్నాడు. 1903లో అన్నదమ్ములు ఎగరేసిన విమానం రెక్కలు కొద్దిగా కిందకే వంగి ఉంటాయి.

నన్ను అసలు ఆపేసింది సీగల్. 2019లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు గాల్లో తేలే సీగల్స్‌ని గమనించారు. తర్వాత చనిపోయిన పక్షుల రెక్కల్ని విండ్ టనెల్‌లో పెట్టి కొలిచారు. మోచెయ్యి బాగా చాపితే, ముక్కు పైకీ కిందకీ ఊగినా రెక్క దానంతట అదే సర్దుకుంటుంది. మోచెయ్యి మడిస్తే ఆ గుణం తగ్గుతుంది. మరి గాలి జోరు పెరిగినప్పుడు సీగల్ ఏం చేస్తుంది? చాపి బిగించుకుంటుందని అనుకుంటాం కదా. మడుస్తుంది! గాలి గట్టిగా ఉన్నప్పుడే తన స్థిరత్వాన్ని తగ్గించుకుంటుంది. ఒక్క కీలు కదిపి ఇటు నుంచి అటు మారిపోతుంది.

ఇది చదివింది ప్లేస్‌మెంట్ల సీజన్లో. ఇంట్లో రోజూ ఒకటే మాట, "ముందు సెటిల్ అవ్వరా, తర్వాత నీ ఇష్టం." నాకు సాఫ్ట్‌వేర్ ఆఫర్ వచ్చింది. మనసేమో ఏరోస్పేస్‌లో ఎంటెక్ మీద ఉంది. నాన్న ఆర్టీసీ డ్రైవర్. రెండేళ్ళలో రిటైరవుతాడు, అక్క పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. ఆయన మాటని చాదస్తం అని కొట్టిపారేయలేను. ఇన్నేళ్ళూ ఒకే ఉద్యోగంలో, హారియర్ లాగా రెక్కలెత్తి నిలబడ్డాడు. కళ్ళు మాత్రం మా మీదే పెట్టుకున్నాడు. ఆ స్థిరత్వం వల్లే నేను ఈ కాలేజీలో ఉన్నాను.

కాకపోతే స్థిరత్వం అంటే కదలకుండా ఉండటమని మాత్రం ఇప్పుడు ఒప్పుకోలేను. సీగల్‌కి అది ఒక సెట్టింగ్. అవసరాన్ని బట్టి పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. మడవడం తెలిసిన రెక్కకి మళ్ళీ చాపడమూ తెలుసు.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాను. గేట్‌కి అప్లికేషన్ కూడా పెట్టాను. పోయిన ఆదివారం ఫోన్లో రెండూ చెప్పేశాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక బస్టాండ్ మైకు వినిపిస్తోంది.

"సెంటర్ ఏ ఊరు పెట్టుకున్నావురా?" అన్నాడు.