సురినామ్‌లో రెండు ఖిబ్లాలు

దక్షిణ అమెరికాలోని సురినామ్ దేశంలో రెండు నెలలు గడిపాను. తొలిరోజు బసలో అలవాటుకొద్దీ పడమటికి జానమాజు పరిచాను. దిక్సూచి చూశాకగాని స్ఫురించలేదు, అక్కడి నుండి కాబా తూర్పున ఉందని!

ఆ పొరపాటు నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. 1890 నుండి డచ్ పాలకులు తోటల్లో కూలిపనికి జావా ద్వీపవాసులను అక్కడికి తరలించారు. జావాలో ఖిబ్లా పడమర. సముద్రాలు దాటి వచ్చినా వారు అటే తిరిగి నమాజు చేశారు. తర్వాతి కాలంలో కొందరు తూర్పుకు తిరగగా ఊళ్లు చీలాయి. నేటికీ రెండు దిక్కుల మస్జిదులూ ఉన్నాయి.

పడమటికి సజ్దా చేస్తున్న వృద్ధులను చూసి నవ్వలేకపోయాను. పెద్దల పట్ల విధేయత చిన్న విషయం కాదు. కాని ఆ పెద్దలు జావాలో పడమటికి తిరిగింది కాబా కోసమే కదా! మన ఇంటి ఆచారాల్లో కాబా ఏదో, వట్టి పడమర ఏదో గుర్తించే వివేకాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!